ఊసరవెల్లిగారి అవుట్‌డోర్ షూటింగ్!

2011వ సంవత్సరంలో రెండు ఊసరవెల్లులు వెండితెర మీదకొచ్చాయి. మార్చిలో హాలీవుడ్ నుంచి 'రాంగో'! అక్టోబరులో మన తెలుగులో సురేందర్ రెడ్డి దర్శకత్వాన జూనియర్ ఎన్.టి.ఆర్., తమన్నా నటించిన 'ఊసరవెల్లి'! మన చిత్రంలో ఊసరవెల్లి అన్నది పేరు మాత్రమే. హీరోగారు పూటకో రంగు చూపిస్తాడని ఆ పేరు పెట్టారు. అవతల 'రాంగో'లో మాత్రం హీరో అచ్చంగా ఊసరవెల్లే. జానీ డెప్ గొంతిచ్చాడు. గోర్ వెర్బిన్‌స్కీ దర్శకుడు. ఆ మరుసటి సంవత్సరం ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా కొట్టేసింది.

ఆ సినిమా మొదలు ఎలా ఉంటుందో గుర్తుందా? ఒక కుటుంబం కారులో పోతుంటుంది. వెనక అద్దాల పెట్టెలో వాళ్ళు పెంచుకుంటున్న ఊసరవెల్లి. కారు కుదుపుకి ఆ పెట్టె కాస్తా ఎగిరి నడిరోడ్డు మీద పడి భళ్ళున పగిలిపోతుంది. అంతవరకూ గాజు గోడల మధ్య రాజాలా బతికినవాడు మొజావే ఎడారి ఎండలో ఒంటరిగా మిగిలిపోతాడు. నీడ లేదు. నీళ్ళు లేవు. పైన చూస్తే డేగ!

హాల్లో కూర్చుని మనమంతా హాయిగా నవ్వుకున్నాం. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. నిజం ఊసరవెల్లి అయితే ఆ కథ మొదటి రీలులోనే శుభం కార్డు వేసుకోవాల్సిందే. ఎడారి రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం నీడ లేకుండా వదిలేస్తే అది ఎంతోసేపు బతకదు.

ఈ సంగతి నాకు సినిమా చూసినప్పుడు తెలీదు. మొన్న మే నెలలో అమెరికా వెళ్ళి, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న మా అన్నయ్య కూతురింట్లో నెల్లాళ్ళు ఉన్నప్పుడు తెలిసింది. అదీ ఎలా తెలిసిందంటారు? నా వల్ల ఒక పసివాడు రోజల్లా ఏడవాల్సొచ్చాక తెలిసింది!

కిరీటిగారితో పరిచయం

మా అమ్మాయి కొడుక్కి పన్నెండేళ్ళు. వాడి గదిలో అడుగుపెట్టగానే నిలువెత్తు వల పెట్టె. లోపల మందార మొక్క, మనీ ప్లాంటు తీగలు. పైన దీపాలు. "తాతయ్యా, ఎక్కడున్నాడో కనుక్కో చూద్దాం" అన్నాడు. అయిదు నిమిషాలు వెతికాను. ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. తీరా చూస్తే ఆ ఆకుల మధ్యనుంచి ఒక కన్ను నన్నే చూస్తోంది. రెండో కన్ను మాత్రం వాడివైపు తిరిగుంది! ఒకేసారి ఇద్దర్ని చూడగల నటుణ్ణి నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

తల మీద కిరీటంలాంటి ఎత్తయిన తురాయి ఉంది కాబట్టి మా వదిన వాడికి 'కిరీటి' అని పేరు పెట్టింది. జాతి పేరు వెయిల్డ్ ఊసరవెల్లి. స్వస్థలం యెమెన్, సౌదీ అరేబియా నైరుతి ప్రాంతం. అమెరికాలో పెంచేవాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఊసరవెల్లులు మూడు రకాలు. ఒకటి ఈ యెమెన్ వాడు. రెండోది మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన పాంథర్ ఊసరవెల్లి. రంగుల హంగులో దానిదే అగ్రతాంబూలం. మూడోది కెన్యా, టాంజానియా కొండల్లో పుట్టిన జాక్సన్ ఊసరవెల్లి. మగదానికి ముక్కు మీదా నుదుటి మీదా కలిపి మూడు కొమ్ములుంటాయి. మిగతా రెండూ గుడ్లు పెడతాయి. ఇది మాత్రం పిల్లల్ని కంటుంది.

రంగులు మార్చే విద్య గురించి మనం విన్నదంతా సగం అబద్ధమే సుమండీ! గోడ మీద పెడితే గోడ రంగూ, చీర మీద పెడితే చీర రంగూ రాదు. రంగు మారేది చాలావరకు దాని మనసునిబట్టి, ఒంటి వేడినిబట్టి. కోపమొస్తే ఒక రంగు. భయమేస్తే ఒక రంగు. చలేస్తే నల్లబడి ఎండకి ఒళ్ళు అప్పగిస్తుంది. దీని వెనక ఉన్న మర్మాన్ని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పాంథర్ ఊసరవెల్లి చర్మంలో పట్టుకున్నారు. చర్మకణాల్లో అతి సూక్ష్మమైన స్ఫటికాలు వరుసలు కట్టి ఉంటాయట. ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలికాంతిని తిప్పికొడతాయి. చర్మంలో ఉన్న పసుపుతో అది కలిసి మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఆవేశం వచ్చిందా, స్ఫటికాలు ఎడమెడంగా జరుగుతాయి. పసుపు, నారింజ, ఎరుపు వైపు రంగు తిరుగుతుంది. అంటే మన రాజకీయ నాయకుల్ని ఊసరవెల్లులతో పోల్చడం ఊసరవెల్లికే అవమానమన్నమాట. పాపం అది ఎవర్నీ మోసం చెయ్యడానికి రంగు మార్చదు. మనసులో ఉన్నది ఒంటిమీద చూపిస్తుంది!

సూర్యుడితో పనేమిటి?

"ఇంత దర్జా ఇల్లు కట్టించారు కదా, మళ్ళీ వీణ్ణి బయటికి తీసుకెళ్ళడం ఎందుకురా?" అని అడిగాను మనవణ్ణి.

"ఎండకి తాతయ్యా. సన్ లేకపోతే వాడి బోన్స్ మెత్తబడిపోతాయి" అన్నాడు.

నిజమే. మన చర్మం ఎండలో డి విటమిన్ తయారు చేసుకున్నట్టే ఊసరవెల్లి చర్మమూ చేసుకుంటుంది. దానికి కావలసింది సూర్యకాంతిలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల్లో 'యు.వి.బి.' అనే భాగం. ఆ విటమిన్ లేనిదే తిన్న కాల్షియం ఎముకల్లోకి చేరదు. అది చాలకపోతే కాళ్ళు వంకర్లు పోతాయి. దవడ మెత్తబడుతుంది. కొమ్మ మీద పట్టు తప్పి పడిపోతూ ఉంటుంది. ఒంటి పొడవుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం బాణంలా దూసుకుపోవాల్సిన నాలుక నోట్లోనే ఉండిపోతుంది. పెంపుడు ఊసరవెల్లుల్ని కుంగదీసే పెద్ద జబ్బుల్లో ఇది ముందు వరసలోది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కిటికీ పక్కన పెట్టాం కదా, ఎండ పడుతోంది కదా అనుకుంటారు. ఎండ పడుతుంది, వేడి తగులుతుంది, కానీ యు.వి.బి.ని కిటికీ అద్దం దాదాపుగా ఆపేస్తుంది. అందుకే ఇంట్లో దానికోసం ప్రత్యేకమైన ట్యూబులైట్లు పెడతారు. ఆ ట్యూబు వెలుగుతూనే ఉన్నా కొన్ని నెలలకి దానిలో ఆ కిరణాల బలం తగ్గిపోతుంది. కనుక పైకి బాగానే ఉన్నా కంపెనీ చెప్పిన గడువుకి మార్చెయ్యాలి.

ఇంకో విడ్డూరం వినండి. డల్లాస్ పక్కనే ఫోర్ట్‌వర్త్ ఉంది. అక్కడి టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు మరికొందరు శాస్త్రవేత్తలతో కలిసి పాంథర్ ఊసరవెల్లుల మీద చేసిన పరిశోధన 2009లో ప్రచురించారు. తిండిలో డి విటమిన్ తక్కువ ఉన్నవి ఎక్కువ ఎండ కోరుకున్నాయట. ఎక్కువ ఉన్నవి నీడకి జరిగాయట! తనకెంత ఎండ కావాలో దానికే తెలుసు. మనం చెయ్యవలసిందల్లా ఎండా నీడా రెండూ అందుబాటులో ఉంచడమే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం విద్య వచ్చినట్టే.

మంచి దీపం, కాల్షియం చల్లిన పురుగులు సరిగ్గా అమరిస్తే ఇంట్లోనే ఊసరవెల్లి ఆరోగ్యంగా బతకొచ్చు. బయటికి తీసుకెళ్ళి తీరాలన్న రూలేమీ లేదు. కానీ సూర్యుడికి సాటి వచ్చే దీపాన్ని ఇంతవరకూ ఏ కంపెనీ తయారు చెయ్యలేదు. ఎండలో కిరీటిగారు ఒళ్ళు పలకలా చదును చేసి, ఒక పక్క సూర్యుడికి అప్పగించి, కళ్ళు అరమోడ్చి కూర్చున్న భంగిమ చూస్తే చాలు. ఆ తృప్తి ఏమిటో మాటల్లో చెప్పలేం.

కాల్‌షీటు ఇలా ఉండాలి

అవుట్‌డోర్ షూటింగు అంటే ఎంత తతంగమో మన పాఠకులకి తెలియనిది కాదు. హీరోగారికి గొడుగు, కుర్చీ, మంచినీళ్ళు, చుట్టూ మనుషులు. కిరీటిగారికీ సరిగ్గా అంతే! మా మనవడు పెట్టుకున్న పద్ధతి చెబుతాను.

మొట్టమొదట వాతావరణం చూస్తాడు. వెయిల్డ్, పాంథర్ జాతులకి సుమారు 70 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే సుఖం. మన లెక్కలో 21 నుంచి 29 డిగ్రీల సెంటిగ్రేడు. కొండజాతి జాక్సన్‌కి ఇంకా చల్లగా ఉండాలి. 80 ఫారన్‌హీట్ దాటితే దానికి ఇబ్బందే. టెక్సాస్ వేసవిలో పగలు వంద దాటడం మామూలు కనుక అక్కడ షూటింగు ఉదయం పూటే. విపరీతమైన గాలి ఉన్నా ప్యాకప్పే.

రెండోది పెట్టె. ఎండలోకి గాజు పెట్టె తేకూడదు. తెచ్చారా, కాసేపట్లో అది వంటపొయ్యి అవుతుంది. తలుపులేసిన కారులో కూర్చున్నట్టే. నాలుగు వైపులా గాలి ఆడే వల పెట్టె కావాలి. లోపల గుబురుగా మొక్క ఉండాలి. పెట్టెలో సగానికి ఎండ, సగానికి నీడ. సూర్యుడు జరిగేకొద్దీ నీడా జరుగుతుంది కాబట్టి పెట్టెని మధ్యమధ్య సర్దుతూ ఉండాలి. పెట్టెని నేలమీద కాకుండా బల్ల మీద పెడితే మేలు. ఎత్తులో ఉంటే దానికి ధైర్యం.

మూడోది నీళ్ళు. ఊసరవెల్లి గిన్నెలో నీళ్ళు తాగదు. ఆకుల మీద మెరిసే బొట్లని నాకుతుంది. కనుక ఎండలో పెట్టేముందూ, మధ్యలోనూ ఆకుల మీద సన్నగా నీళ్ళు జల్లాలి. తోట పైపుతో జల్లే అలవాటుంటే ముందు కాసేపు నీళ్ళు వదిలెయ్యండి. ఎండకి పైపులో నిలవున్న నీళ్ళు కాగిపోయి ఉంటాయి. అవి ఒంటిమీద పడితే ప్రమాదం.

నాలుగోది టైము. మొదటి రోజుల్లో పదిహేను ఇరవై నిమిషాలు చాలు. అలవాటయ్యాక అరగంట, గంట. కొత్త చోటు దానికి భయం. మొదటిరోజే నల్లబడి, పెట్టె అంతా తెగ తిరుగుతూ ఉంటే, "ఇంకాసేపు ఉంచుదాం, అదే అలవాటు పడుతుంది" అని మొండికెయ్యకూడదు. లోపలికి తెచ్చేసి ఇంకోరోజు చూసుకోవాలి.

పట్టుకోవడంలోనూ మర్యాద ఉంది. పైనుంచి చెయ్యి పెడితే దానికి అది డేగ కాలే! కిందనుంచి, ముందు భాగాన చెయ్యి చాపి ఆగాలి. తానే మెల్లిగా ఎక్కుతుంది. దాని పాదాలు పటకారులాంటివి. అయిదు వేళ్ళూ రెండు గుత్తులుగా చీలి కొమ్మని బిగించి పట్టుకుంటాయి. పట్టు విడవకముందే లాగితే కాలికి దెబ్బ. నడుముకి తాడు కట్టి కుక్కపిల్లలా తిప్పుదామన్న ఆలోచన అసలే వద్దు. పక్కటెముకలకీ కాళ్ళకీ దెబ్బ తగులుతుంది. పట్టుకున్నాక, దింపాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరీసృపాల ఒంటిమీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులుంటాయి. పసిపిల్లలున్న ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇక హీరోగారి ముఖకవళికలు చదవడం రావాలి. నల్లబడి ఎండకి ఒరిగితే 'నాకింకా వేడి కావాలి' అని. తెల్లబోయినట్టు లేత రంగుకి తిరిగి నోరు తెరిచిందా? 'నన్ను చంపకండి, వేడెక్కిపోయాను' అని. వెంటనే నీడలోకి తీసుకురావాలి. మందంగా నీళ్ళ తుంపర జల్లాలి. ఐసు నీళ్ళు మాత్రం పొయ్యకూడదు. పగటిపూట కళ్ళు మూసుకుని కూర్చుందంటే అది నిద్ర కాదు, నీరసం. పగలు కళ్ళు మూసే ఊసరవెల్లిని సరీసృపాలు తెలిసిన పశువైద్యుడికి చూపించాలి.

విలన్లు ఎందరో!

హీరో ఉన్నచోట విలన్లు ఉండకపోతే ఎలా? ఆకాశంలో డేగలు, కాకులు. గోడ మీద పిల్లి. నేలమీద చీమలు. టెక్సాస్, ఫ్లోరిడాల్లో నిప్పుచీమలని ఒక జాతి ఉంది. కుడితే పెద్దవాళ్ళే గంతులెయ్యాలి. వల పెట్టెలో కదలకుండా కూర్చున్న ప్రాణి వాటికి పళ్ళెంలో పెట్టిన ఫలహారం.

కనిపించని విలన్లు ఇంకా ప్రమాదం. పచ్చికకి కొట్టే మందులు మొదటివి. పక్కింటివాళ్ళు మందు కొట్టించారేమో కనుక్కోకుండా పెట్టె బయట పెట్టకూడదు. ఆ మందు తగిలిన పురుగుని ఊసరవెల్లి లటుక్కున నోట్లో వేసుకుంటే అంతే సంగతులు. మిణుగురు పురుగులు మరీ ఘోరం. అమెరికాలోని మిణుగురుల ఒంట్లో ఉండే విషానికి పెంపుడు బల్లిజాతి ప్రాణులు చనిపోయిన దాఖలాలున్నాయి. సాయంత్రం పూట తోటలో మిలమిలలాడే అందమే కదా అని ఏమరకూడదు.

మొక్కల సంగతి సరేసరి. ఈ వెయిల్డ్ జాతి వాడు ఆకులు కూడా కొరుకుతాడు. మందారమైతే ఇష్టంగా తింటాడు, ప్రమాదం లేదు. కానీ గన్నేరు పక్కన పెట్టారో, చేజేతులా విషం పెట్టినట్టే. మనవాళ్ళు అమెరికా వెళ్ళినా పెరట్లో గన్నేరు వేసుకోవడం మానరు కాబట్టి ప్రత్యేకించి చెబుతున్నాను!

ఇన్ని విలన్లలో అందరికంటే పెద్ద విలన్ మాత్రం ఎవరంటారు? కాపలా ఉన్నవాడి మరుపు. దానికి సాక్షిని నేనే. కాదు, ముద్దాయిని నేనే!

ఆ ఆదివారం ఏం జరిగిందంటే..

ఆ ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా వాడు కిరీటిని పెట్టెలో కాకుండా పెరట్లో ఉన్న క్రేప్ మిర్టిల్ చెట్టు కొమ్మ మీద కూర్చోబెట్టాడు. అది పొట్టి చెట్టే. పక్కనే కుర్చీ వేసుకుని వాడు కాపలా. అప్పుడప్పుడూ అలా చేస్తాట్ట. ఎక్కడికీ పోడు, నడక నత్తనడక అన్న ధీమా.

"తాతయ్యా, రెండే నిమిషాలు. బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తా. కళ్ళు మాత్రం తిప్పకు, ప్లీజ్" అన్నాడు.

"పోరా! నలభై ఏళ్ళు స్టూడియోల్లో హీరోల్నే కనిపెట్టుకుని తిరిగినవాణ్ణి. ఈ బల్లిని కనిపెట్టలేనా?" అన్నాను.

వాడు అటు వెళ్ళాడో లేదో హైదరాబాదు నుంచి ఫోను. పాత మిత్రుడు. ఫలానా చిత్రం విడుదల వాయిదా, ఫలానావారికీ ఫలానావారికీ మాటల్లేవు. మనకి అంతకంటే ఏం కావాలి! అలా నాలుగడుగులు వేస్తూ, నవ్వుతూ మాట్లాడాను. గట్టిగా పది నిమిషాలు ఉండదు. వెనక్కి తిరిగి చూస్తే కొమ్మ ఖాళీ!

ఇక చూడండి మా అవస్థ. ఇంటిల్లిపాదీ పెరట్లోకి వచ్చారు. కొమ్మకొమ్మా చూశాం. పచ్చిక దువ్వాం. కంచె దాటి పక్కింటి తోట వెతికాం. పదిన్నరకి పైన ఒక డేగ గిరికీలు కొట్టింది. పిల్లవాడి ముఖం చూడలేకపోయాను. మధ్యాహ్నానికి ఎండ 95 దాటింది. "నీళ్ళు లేకుండా వాడు ఎలా ఉంటాడు మామ్?" అని వాళ్ళమ్మని ఒకటే అడగడం. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు పెద్ద శిక్ష. మధ్యాహ్నం భోజనానికి ఎవరూ కూర్చోలేదు. మా అమ్మాయి పైపు పెట్టి చెట్టు మీదా కంచె మీదా గంటకోసారి నీళ్ళు జల్లింది. ఎక్కడున్నా నాలుగు బొట్లు తాగుతాడని.

సాయంత్రం వాళ్ళకి తెలిసిన ఒక పాత పెంపకందారు ఫోనులో చెప్పాడు. "పగలు వెతకడం దండగ. చీకటి పడనివ్వండి. టార్చిలైటు పట్టుకెళ్ళండి. పక్కకి కాదు, పైకి చూడండి. ఊసరవెల్లి దిగదు, ఎక్కుతుంది."

రాత్రి తొమ్మిదిన్నరకి టార్చి తీసుకుని బయల్దేరాం. ఊసరవెల్లి నిద్రపోయేటప్పుడు కొమ్మ చిట్టచివరకి చేరి, లేత రంగుకి తిరిగి, తోక చుట్టుకుని పడుకుంటుందట. టార్చి వెలుగు పడితే ముదురాకుల మధ్య తెల్లగా మెరుస్తుంది. అడవుల్లో ఊసరవెల్లుల్ని లెక్కపెట్టే శాస్త్రవేత్తలు కూడా ఇలా రాత్రిపూటే వెతుకుతారట.

మొదటి వెలుగు ఆ చెట్టుమీదే వేశాడు మా వాడు. అంతే! తలెత్తితే, పొద్దున్న కూర్చోబెట్టిన కొమ్మకి సరిగ్గా నాలుగడుగుల పైన, చివరి రెమ్మ మీద, లేత ఆకుపచ్చ రంగులో కిరీటిగారు హాయిగా నిద్రపోతున్నారు! పన్నెండు గంటలు మేం ఊరంతా వెతికాం. ఆయన చెట్టే దిగలేదు. మధ్యాహ్నం ఎండలో గుబురు నీడలోకి జరిగి, మా అమ్మాయి జల్లిన నీళ్ళు తాగి బతికిపోయాడన్నమాట.

పిల్లవాడు కుర్చీ ఎక్కి, కొమ్మతో సహా మెల్లిగా కిందికి వంచి, వాణ్ణి చేతిమీదకి ఎక్కించుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. మర్నాటినుంచి వల పెట్టె లేకుండా బయటికి తియ్యలేదు. నేను సెల్‌ఫోను లోపల పెట్టి కాపలా కూర్చున్నాను.

దొరకనివాటి కథ

మా కిరీటి దొరికాడు కనుక ఇది నవ్వుకునే కథ అయింది. దొరకనివాటి కథ వేరు.

1972లో హవాయి దీవుల్లోని ఒవాహులో, కనెయోహే అనే చోట పెంపుడు జంతువుల దుకాణం యజమాని ఒకరు కెన్యా నుంచి కొన్ని డజన్ల జాక్సన్ ఊసరవెల్లుల్ని తెప్పించారు. ప్రయాణంలో అవి చిక్కి సగమయ్యాయి. పాపం, కాస్త ఎండా గాలీ తగిలితే కోలుకుంటాయని ఇంటి వెనక తోటలో వదిలారు. సదుద్దేశమే! అవి కోలుకున్నాయి కూడా. కోలుకుని, మెల్లిగా ఒక్కొక్కటే తోట దాటిపోయాయి. ఆ తరవాత మనుషుల చేతుల మీదుగా ఇతర దీవులకీ చేరి స్థిరపడ్డాయి. హవాయి దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని చెట్టు నత్తలున్నాయి. అసలే అంతరించిపోతున్న జాతులు. ఈ ఊసరవెల్లుల పొట్టలు పరిశీలించిన శాస్త్రవేత్తలకి ఆ నత్తలు అందులో కనిపించాయి!

అన్నట్టు, 'రాంగో' ఒంటిమీద ఉండేది కూడా హవాయి చొక్కాయే. కాకతాళీయమే కావచ్చు!

2002లో హవాయిలోనే మావీ దీవిలో మా కిరీటి జాతివాళ్ళూ బయటపడ్డారు. ప్రభుత్వం వాటిని ఏరివెయ్యడానికి నానా తంటాలు పడింది. ఇప్పుడు అక్కడ వెయిల్డ్ ఊసరవెల్లిని పెంచడం, తేవడం చట్టవిరుద్ధం. 2,00,000 డాలర్ల వరకు జరిమానా, మూడేళ్ళ వరకు జైలు పడొచ్చు. అదే 2002లో ఫ్లోరిడాలో ఫోర్ట్‌మయర్స్ దగ్గర కూడా ఇవి కాపురం పెట్టినట్టు గుర్తించారు. ఇవాళ ఫ్లోరిడాలో వెయిల్డ్, పాంథర్, ఊస్టలే జాతులు మూడూ స్వేచ్ఛగా పెరుగుతున్నాయి. కొన్ని తప్పించుకున్నవి. కొన్ని, ఆశ్చర్యపోకండి, పిల్లల్ని పెట్టాక పట్టి అమ్ముకోవచ్చని కావాలని వదిలినవి!

ఆడ వెయిల్డ్ ఊసరవెల్లికి ఇంకో గుణముంది. మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. అవి పొదగవు. కానీ జత కలిసిందంటే ఒక్క కాన్పుకే పదులకొద్దీ గుడ్లు. వెచ్చని వాన ఊళ్ళో ఒక జంట తప్పించుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. కనుక బయట కాపలా కాయడం మన పెంపుడు ప్రాణి క్షేమానికే కాదు, ఆ ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్న నత్తలు, పురుగులు, పక్షుల క్షేమానికి కూడా. పెంచలేకపోతే ఇంకొకరికి అప్పగించాలే తప్ప "స్వేచ్ఛనిచ్చాం" అని చెట్టుమీద వదలడం పుణ్యం కాదు.

మన ఊరి ఊసరవెల్లి

ఇదంతా చదివి మన పిల్లలు తోటలో కర్రపుచ్చుకు బయల్దేరతారేమో! ఆగండి. మనకి తోటల్లో తల ఊపుతూ కనిపించేది చాలావరకు తొండ. ఊసరవెల్లి కాదు. 'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు' అని మనవాళ్ళు సామెత కట్టారు కానీ, తొండ ఎంత ముదిరినా తొండే! రెండూ వేరు జాతులు. మన దేశంలో దొరికే అసలు ఊసరవెల్లి ఒకే ఒక్క జాతి. శ్రీలంకలోనూ ఉంటుంది. నెమ్మదిగా, గాలికి ఆకు ఊగినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతూ నడుస్తుంది. విషం లేదు. మనిషికి హాని చెయ్యదు. అయినా శకునం మంచిది కాదని, కరిస్తే చచ్చిపోతారని కనిపించిన చోటల్లా రాళ్ళేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన ఊసరవెల్లికి రక్షణ ఉంది. పట్టుకోవడం, పెంచడం, అమ్మడం, చంపడం అన్నీ నేరాలే. విదేశీ జాతులైనా అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నవాటిని పెంచేవారు వివరాలు నమోదు చేయించుకోవాలని 2022 సవరణ తరవాత 2024లో నియమాలు వచ్చాయి. కాబట్టి మన ఊళ్ళో ఊసరవెల్లి ముచ్చట తీరాలంటే ఒకటే దారి. అది చెట్టుమీద, మనం చెట్టుకింద! రోడ్డు దాటుతూ కనిపిస్తే కాసేపు బండి ఆపండి. దాటనివ్వండి. దానికి తొందర తెలీదు. మనకి ఒక్క నిమిషం పోదు.

మొన్న మా మనవడు వీడియో కాల్ చేశాడు. కిరీటిగారు వల పెట్టెలో, మందారం పక్కన, సూర్యుడికి ఒళ్ళప్పగించి కూర్చున్నారు. పక్కన నీళ్ళ సీసా, గొడుగు, కుర్చీ.

"చూశావా తాతయ్యా, ఈసారి నువ్వొచ్చినప్పుడు నీకు మళ్ళీ డ్యూటీ వేస్తా" అన్నాడు.

"నాకా? నిజంగానే?" అన్నాను.

"వేస్తా. కానీ ఫోన్ మాత్రం నాకిచ్చెయ్యాలి!"

ఒప్పేసుకున్నాను. ఇంతకంటే మంచి కాల్‌షీటు ఈ వయసులో నాకెవరిస్తారు చెప్పండి!